నిత్యోపకరణము కత్తి

పల్నాడనగానే వీరులును, వారి ఆయుధములును జ్ఞప్తికి వచ్చును. పండ్రెండవ శతాబ్దిలో పల్నాటి యుద్ధము జరిగిన కారెంపూడిలో నేటికిని వీరులగుడి కలదు. ఏటేట కార్తిక అమావాస్య మొదలు ఐదు దినములు అచట ఉత్సవము జరుగును. వీరాచారులు కొణతములనెడి ఆయుధములను మోసికొనివచ్చి, నాగులేటిలో స్నానము చేయించి పూజింతురు. అవి యిప్పుడు యుద్ధమునకు గాక స్మరణకు నిలిచినవి.

అయితే మనుష్యుని బ్రదుకును నిలిపినది యుద్ధపు కత్తి కాదు, పనికత్తి. వరికోతకు కక్కుకొడవలి, చర్మకారునకు రంపె, క్షురకునకు మంగలికత్తి, కల్లుగీయువానికి గీతకత్తి ఏర్పడినవి. వాని రూపములు వేడుకకు పుట్టినవి కావు. కొడవలి వంపు పైరును పిడికిటిలోనికి చేర్చును. దాని పండ్లు జారిపోవు గడ్డిని పట్టి కోయును. కత్తిపీటను కాలితో త్రొక్కిపట్టుటచే రెండు చేతులును కూరగాయను పట్టుటకు వీలగును.

కత్తి మంచిచెడ్డలు పదునులో తెలియును. ఇనుములో కొద్దిపాటి కర్బనము కలిసిన ఉక్కగును. కమ్మరి దానిని కొలిమిలో ఎఱ్ఱగా కాల్చి, దాకలిపై సుత్తితో సాగగొట్టును. మరల కాల్చి, అంచును నీట ముంచును. అట్లు చల్లారిన ఉక్కు కఠినమగును, కాని పెళుసుబారును. కావున మరల కొంచెము కాచును. ఎక్కువ కాచినచో పదును నిలువదు. తక్కువ కాచినచో అంచు పెట్లును. ఈ నడిమి పాకమును లోహముపై కనబడు రంగును బట్టి గుర్తించుటయే కమ్మరి విద్య. తెలంగాణములోని కోనసముద్రమున మూసలలో తయారైన ఉక్కుకొఱకు పూర్వము పారశీక వర్తకులు వచ్చెడివారు.

రాజుల కత్తులకు రక్షణ కలదు. మూడవ సాలార్‌జంగు సేకరించిన వస్తువులతో 1951లో హైదరాబాదున ప్రారంభమైన మ్యూజియములో నూర్జహానుదిగా ప్రసిద్ధిచెందిన పండ్లు కోయు చాకును చూడవచ్చును. పల్లెలోని పాత కొడవలియో, తూకమునకు పాతయినుమై పోవుచున్నది. దానితో దాని పేరును, పనియు మరుగుపడును. కావున సేకరించువారు వస్తువుతోపాటు దాని పేరు, చేసిన ఊరు, వాడిన పని వ్రాసి ఉంచవలెను. లేనిచో మిగులునది ఇనుపముక్కయే.

వాడుకలోని కత్తికి శ్రద్ధ కావలెను. చింతపండు, పచ్చిమామిడి పులుపు ఇనుమును తినును. పదును లేని కత్తిని బలముగా నొక్కవలసివచ్చును. అది జారి చేతిని గాయపరచును. ఇతరులకు ఇచ్చునపుడు పిడి వారివైపునకు ఉండవలెను.

విజయదశమినాడు పనిముట్లకు పసుపుకుంకుమలతో పూజ చేయుదురు. తక్కిన దినములలో కడిగి, తడి తుడిచి, నూనె రాచి భద్రపరచుటయే కత్తికి తగిన పూజ.