టూసాన్ ఎడారిలో పిల్లుల లోయ

అద్దానికి ముఖం ఆనించి చూసినా మొదట బండలే కనిపిస్తాయి. నెర్రెలిచ్చిన రాతి గోడ, దాని మీద తుప్పు రంగు చారలు, మూలన ఒక చెట్టు. పిల్లలు విసుక్కుని ముందుకు పరుగెడతారు. ఓపిక పట్టి నిలబడినవాళ్లకు కాసేపటికి పైబండ అంచున ఒక చెవి కదులుతుంది. కళ్లు అలవాటు పడ్డాక, అప్పటిదాకా రాయి అనుకున్నది నడుమని, చార అనుకున్నది తోకని తెలుస్తుంది. దాదాపు గజం పొడవున్న తోక, కొస మాత్రం నలుపు. అమెరికా పడమటి రాష్ట్రాలవాళ్లు మౌంటెన్ లయన్ అని పిలిచే ప్యూమా అది.

ఆరిజోనా రాష్ట్రంలోని టూసాన్ నగరానికి పడమట, గేట్స్ పాస్ కనుమ దాటి కిందికి దిగితే ఆరిజోనా-సొనోరా డెజర్ట్ మ్యూజియం వస్తుంది. పేరుకు మ్యూజియమే గానీ ఉన్నదంతా ఇంచుమించు ఆరుబయటే. కొంత జూ, కొంత తోట, కొంత భూగర్భశాస్త్ర ప్రదర్శన. 98 ఎకరాల స్థలంలో రెండు మైళ్ల కాలిబాటలు. ఇక్కడ ఆఫ్రికా సింహం లేదు, బెంగాల్ పులి లేదు, జిరాఫీ లేదు. సొనోరా ఎడారికి, దాన్ని ఆనుకున్న కొండలకు, సముద్రానికి చెందిన జీవాలకే చోటు. కాలిఫోర్నియాలో 1970లో మొదలైన లివింగ్ డెజర్ట్ మరో దారి పట్టింది. అక్కడ ఆఫ్రికా జంతువులూ ఉన్నాయి, చీతాలూ ఉన్నాయి. అదీ మంచి జూయే. కానీ ఒకే నేలకు కట్టుబడిన టూసాన్ పద్ధతి నా మనసుకు ఎక్కువ దగ్గరగా ఉంటుంది. ఇక్కడ చూసిన జంతువు గోడ అవతలి కొండలోనూ తిరుగుతూ ఉంటుంది మరి.

ఎడారి అనగానే మన కళ్లకు కట్టే ఇసుక తిన్నెలు ఇక్కడ దాదాపు కనిపించవు. సొనోరా విస్తీర్ణం సుమారు 2.6 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే మన రెండు తెలుగు రాష్ట్రాలను కలిపితే వచ్చేంత. ఏడాదిలో రెండుసార్లు వర్షాలు పడతాయి, చలికాలంలో సన్నజల్లు, జూలై నుంచి ఉరుములతో వాన. అందుకే కొండవాలు నిండా సవారో కాక్టస్‌లు, తుమ్మకు చుట్టాలనదగ్గ ముళ్లచెట్లు. సవారోకు మొదటి కొమ్మ రావడానికే చాలాచోట్ల యాభై ఏళ్లు దాటుతుంది. చెట్లున్నాయి కనుక జింకలున్నాయి, జింకలున్నాయి కనుక పెద్దపిల్లులున్నాయి.

ఈ మ్యూజియాన్ని 1952 సెప్టెంబరులో తెరిచారు. విలియం కార్ న్యూయార్క్ సహజ చరిత్ర మ్యూజియంలో పనిచేసి వచ్చిన మనిషి, ఆర్థర్ ప్యాక్ ప్రకృతి పత్రిక నడిపిన సంపన్నుడు. ఇద్దరూ కలిసి, జనం పనికిరాని బీడు అనుకునే నేలను ప్రేమించేలా చేయాలని పూనుకున్నారు. తొలి ఏళ్లలో వాళ్లకు దొరికిన గొప్ప ప్రచారకుడు ఒక ప్యూమా. జార్జ్ ఎల్. మౌంటెన్‌లయన్ పేరుతో అది స్థానిక దినపత్రికలో కాలమ్ రాసేది, అంటే దాని గొంతుతో మ్యూజియంవాళ్లు రాసేవారు. వేటగాళ్లు, పశువుల పెంపకందార్లు ప్యూమాను దొంగగా చూస్తున్న రోజులవి. అలాంటి జంతువు కాఫీ తాగుతూ చదివే పేజీలో పొరుగువాడిలా పలకరించింది. ఒక జంతువు మీద ఊరి మనసు మార్చడానికి ఇంతకంటే తెలివైన పని నాకు తోచదు.

ఇక బండల సంగతి. చూసేవాళ్లు రాతి గోడ అనుకునేది చాలావరకు రాయి కాదు, మనుషులు చేసినది. 1970లకు ముందు చాలా జూలలో పెద్దపిల్లికి దక్కింది ఇనుప కటకటాలు, కడగడానికి వీలుగా సిమెంటు నేల. ఈ మ్యూజియంలో పనిచేసిన మెర్వ్ లార్సన్, ఆయన సహచరులు కొండల మీదికి వెళ్లి, అసలైన బండ ముఖానికి ద్రవ రబ్బరు పొరలు పొరలుగా పూశారు. ఆరాక ఒలిచారు. ఆ పొర మీద ప్రతి పగులూ, ప్రతి గుంటా, ఇసుక రేణువంత గరుకూ అచ్చుపడింది. దాన్ని అచ్చుగా చేసుకుని సిమెంటు, ఫైబర్‌గ్లాస్ పోతపోశారు. ఇనుప చువ్వల చట్రానికి ఆ ముక్కలు బిగించి, అతుకులు చేత్తో దిద్ది, వాన నీళ్లు జారితే పడే మరకల్లా రంగులు వేశారు. కొండల్లోంచి నిజమైన బండలు పెకలించి తెచ్చి ఉంటే కొండకూ గాయమే, ఖర్చూ తలకు మించినదే. 1977లో తెరిచిన ఇక్కడి భూగర్భశాస్త్ర విభాగంలోని గుహ కూడా ఇలా మనుషులు కట్టినదే. తర్వాత లార్సన్ ఈ పనికే సొంత సంస్థ పెట్టాడు. ఈ చేతిపని ప్రపంచంలోని జూలు, అక్వేరియంల దాకా పాకింది.

అయితే ఈ రాతిపనిని చూసేవాళ్ల కళ్ల కోసం చేసిన అలంకారంగా తీసిపారేస్తే అన్యాయం చేసినట్టే. ప్యూమా మాటు వేసి దూకే జంతువు. వెనక కాళ్లు ముందు కాళ్లకన్నా పొడుగ్గా ఉండేది అందుకే. ఎత్తున కూర్చుని కిందికి చూడగలిగితేనే దానికి నిబ్బరం. వీపు ఆనించడానికి గోడ, ఎండ ముదిరితే దూరడానికి నీడ, మనుషుల చూపు తప్పించుకోవడానికి చాటు కావాలి. హైదరాబాద్ నెహ్రూ జూపార్కులో కందకం అవతల సింహాలను చూసి పెరిగిన మనకు ఊచలు లేని జూ కొత్త కాదు. ఇక్కడివాళ్లు దానికి చాటును జోడించారు. టికెట్ కొన్నవాడికి కనబడకుండా పడుకునే హక్కు జంతువుకు ఉండాలి. కొత్తగా పెద్దపిల్లుల ఆవరణ కట్టే ఏ జూ అయినా మొదట పాటించాల్సింది ఇదేనని నా గట్టి అభిప్రాయం. ‘జంతువు బాగా కనిపించాలి’ అనే ఒత్తిడికి లొంగి, చుట్టూ అద్దాలు పెట్టి నడుమ పచ్చిక పరిచే కట్టడాలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

దారిలో హడావుడి లేదు, మైకులు లేవు. డోసెంట్లు అనే స్వచ్ఛంద కార్యకర్తలు, ఎక్కువమంది ఉద్యోగ విరమణ చేసినవాళ్లు, చిన్న బల్లల దగ్గర ఎదురవుతారు. ప్యూమా పుర్రెను పిల్లల చేతికిచ్చి, చెంప ఎముక విల్లులా బయటికి ఎందుకు వంగిందో వేలు పెట్టి చూపిస్తారు. దవడను మూసే కండరం ఆ వంపు కిందుగా వెళుతుంది. ప్యూమా గర్జించదు, పిల్లిలా గురగురమంటుంది. ఈ మాట చెప్పగానే పిల్లల మొహాల్లో వచ్చే ఆశ్చర్యం చూడాలి.

పిల్లుల లోయ అని పిలిచే భాగంలో బాబ్‌క్యాట్, ఆసిలట్ లాంటి చిన్న జాతులుంటాయి. పైనుంచి తొంగి చూసేలా కట్టిన రాతి గుంటలవి. ఆసిలట్ ఒంటి మీద మచ్చలు గొలుసు కట్టినట్టు బారులు తీరి ఉంటాయి. ఆ చర్మమే దాని ప్రాణం మీదికి తెచ్చింది. కోట్ల కోసం వేటాడారు. ఇప్పుడు ఆరిజోనా కొండల్లో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే అప్పుడప్పుడు కెమెరాలకు చిక్కుతున్నాయి.

ఈ నేల పెద్దపిల్లుల కథలో అసలు నాయకుడు జాగ్వార్. 1963లో ఆరిజోనాలో ఒక ఆడ జాగ్వార్‌ను కాల్చి చంపారు. ఆ తర్వాత అమెరికాలో ఆడది కనిపించిన దాఖలా లేదు. 1969లో రాష్ట్రం వేట నిషేధించింది గానీ అప్పటికే ఆలస్యమైంది. 1996లో వార్నర్ గ్లెన్ అనే పశుపోషకుడు మెక్సికో సరిహద్దు కొండల్లో బతికున్న జాగ్వార్‌ను ఫొటో తీశాడు. ఆ తర్వాత ఎల్ హెఫె వచ్చాడు. ఆ పేరు టూసాన్ బడిపిల్లలు పెట్టారు. 2015 దాకా నగరానికి ఆగ్నేయంగా ఉన్న సాంటా రీటా కొండల్లో తిరిగిన ఈ మగ జాగ్వార్ తర్వాత మాయమైంది. 2021లో మెక్సికోలోని సొనోరా రాష్ట్రంలో కెమెరాకు చిక్కింది. ఒంటి మచ్చలు పోల్చి అదేనని తేల్చారు. బతికే ఉందని తెలిసిన రోజు టూసాన్‌కు పండగే.

ఇలాంటి మగవి ఉత్తరానికి వస్తున్నాయి, జతలేక తిరుగుతున్నాయి. ఆడవి రావాలంటే దారి తెరిచి ఉండాలి. ఈమధ్య సరిహద్దు వెంట చాలాచోట్ల ముప్పై అడుగుల ఉక్కు స్తంభాల గోడ లేచింది. స్తంభానికీ స్తంభానికీ మధ్య సందు నాలుగు అంగుళాలు. కుందేలు దూరుతుందేమో, జాగ్వార్ దూరదు. జూ ఎంత గొప్ప బండలు పోతపోసినా ఈ గోడ చేసే నష్టాన్ని పూడ్చలేదు. కొండల్లో దారులు మూసుకుపోతే రేపటి పిల్లలకు ఆవరణలో ఉన్నవే మిగులుతాయి.

ఫీనిక్స్, చాండ్లర్‌లలో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లకు ఇది ఐ-10 రహదారి మీద సుమారు రెండు గంటల ప్రయాణం. అమ్మానాన్నలు ఊరి నుంచి వేసవిలో వస్తే జూన్‌లో తీసుకెళ్లకండి. ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, పిల్లులూ గుహ వదిలి రావు. నవంబరు, మార్చి మధ్య పొద్దున్నే, తలుపులు తెరిచే వేళకు వెళ్లి, తోటలూ రాళ్లూ తర్వాతకు ఉంచి నేరుగా ప్యూమా దగ్గరికి నడవండి. చల్లటి పూట అది తిరుగుతూ ఉంటుంది. నీళ్ల సీసా, టోపీ మరిచిపోవద్దు. బాగా పొడవైన బండి అద్దెకు తీసుకున్నవాళ్లు గేట్స్ పాస్ మీదుగా రాకూడదు, ఆ మలుపులకు పొడవైన బళ్లను అనుమతించరు. ఆహో రహదారి పట్టుకుని కిన్నీ రోడ్డు మీదికి తిరిగితే సవారోల మధ్య నుంచే మ్యూజియం గేటు దాకా వస్తారు.