ఎనిమిదికి తెగని పొలం

బత్తలపల్లె వంటి ఉమ్మడి అనంతపురం మెట్ట ఊళ్లలో వానలు ముఖం చాటేసిన ఏడు వేరుశనగ చేను విత్తనపు ఖర్చు కూడా తిరిగి ఇవ్వదు. అయినా తండ్రి కన్నుమూసిన ఇంట ఆ పొలాన్ని పంచే రోజు వచ్చే తీరుతుంది. అప్పుడే ఒక మాట వినిపిస్తుంది: "ఈ లెక్క తెగదు. ఆడబిడ్డల వంతు తర్వాత చూద్దాం." నిజంగా తెగదా? మేము పలక మీద చేసి చూశాము.

మరణించిన వ్యక్తికి భార్య, ఇద్దరు కుమారులు, ముగ్గురు కుమార్తెలు ఉన్నారనుకుందాం. తల్లిదండ్రులు ముందే గతించారు. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, వసీయత్ తీరిన తర్వాతే పంపకం. పంట రుణం ఉంటే ముందు అదే తీరాలి. అన్నిసా సూరా 11, 12 ఆయతుల ప్రకారం భార్యకు ఎనిమిదవ వంతు. మిగిలిన ఏడు భాగాలలో కుమారునికి రెండేసి, కుమార్తెకు ఒక్కొక్కటి. మొత్తం ఎనిమిది భాగాలు.

పొలం ఆరెకరాలైతే 600 సెంట్లు. వెయ్యి ఎనిమిదికి తెగుతుంది కనుక ఎంత పెద్ద సంఖ్యకైనా చివరి మూడంకెలు చూస్తే చాలు. 600 తెగుతుంది, భాగానికి 75 సెంట్లు. అదే 5 ఎకరాల 30 సెంట్లైతే 530. భాగానికి 66 వచ్చి రెండు సెంట్లు మిగులుతాయి. సెంటంటే 48.4 చదరపు గజాలు. రెండు సెంట్లు 96.8. వాటిని ఎనిమిదితో భాగిస్తే 12.1 గజాలు. శేషం కూడా తెగింది! తెగనిది సెంట్లలోనే, గజాలలో కాదు.

ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలే ఉంటే చిక్కు వేరు. ఏడు భాగాలను నాలుగుగా చేయాలి. ఏడు నాలుగుకు తెగదు. కాబట్టి ఎనిమిదిని నాలుగుతో హెచ్చించి 32 భాగాలు చేస్తారు: తల్లికి 4, కుమారునికి 14, కుమార్తెలకు ఏడేసి. 640 సెంట్ల పొలంలో ఒక్కో కుమార్తెకు 140 సెంట్లు. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ రాసిన బీజగణిత గ్రంథంలో పెద్ద భాగం వారసత్వ, వసీయత్ లెక్కలదే. అల్జీబ్రా అనే పేరు ఆ గ్రంథం శీర్షిక నుండే వచ్చింది.

అయితే సెంట్లు సమానమైనంత మాత్రాన వంతులు సమానం కావు. నీరున్న బోరు పక్క సెంటూ గరుసు నేల సెంటూ ఒకటెలా అవుతాయి? ముందు ప్రతి తునకకూ వెల కట్టి, ఆ రూపాయలనే భాగించడం మేలని మా అభిప్రాయం.

"నా వంతు అన్నకే వదిలేశాను" అనే చెల్లెళ్లూ ఉంటారు. వదులుకోవడం ఆమె ఇష్టం. కానీ తనది 140 సెంట్లని, దాని వెల ఇంతని కాగితం మీద చూడకముందే సంతకం అడిగితే ఆమె ఏమి వదిలినట్లు? ఆ కాగితం ముందు తల్లి చేతికి, తర్వాత కుమార్తెల చేతికి ఇవ్వాలి. కూడిక సరిచూసుకోవడానికి ఒక పెన్సిలు కూడా.