నొప్పి లేని నెత్తురు

నిజామాబాద్ జిల్లా రెంజల్ చుట్టుపక్కల ఊళ్లలో చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు కనబడతారు. అవే బీడీలు పొలం గట్ల మీద, టీ కొట్ల దగ్గర మగవాళ్ల చేతుల్లో వెలుగుతుంటాయి. పక్కనే బోధన్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. బీడీ మాత్రం ఆగలేదు.

పొగ ఊపిరితిత్తులను చెడగొడుతుందని అందరికీ తెలుసు. మూత్రాశయానికీ అదే పెద్ద ముప్పని తెలిసినవాళ్లు తక్కువ. పొగలోని రసాయనాలు రక్తంలో కలుస్తాయి. కిడ్నీలు వాటిని వడగట్టి మూత్రంలోకి పంపుతాయి. ఆ మూత్రం గంటల తరబడి మూత్రాశయం లోపలి పొరను తాకుతూ నిలవ ఉంటుంది. మూత్రాశయ క్యాన్సర్లలో దాదాపు సగానికి పొగాకే కారణం. ఆడవాళ్లకంటే మగవాళ్లలో ఇది మూడు నాలుగు రెట్లు ఎక్కువ.

జబ్బు మొదటి గుర్తు నొప్పి లేకుండా మూత్రంలో పడే నెత్తురు. ఒకరోజు ఎర్రగా పోస్తారు, తర్వాత వారాల తరబడి మామూలే. ఎండాకాలమైతే ‘వేడి చేసింది’ అనుకుని సబ్జా నీళ్లు, మజ్జిగ తాగుతారు. ఎరుపు ఆగుతుంది. ఆగింది మజ్జిగ వల్ల కాదు, వస్తూ పోతూ ఉండటం ఈ క్యాన్సర్ గడ్డ స్వభావం. విలువైన నెలలు పోయేది ఇక్కడే.

పరీక్ష సాధారణంగా అల్ట్రాసౌండ్‌తో మొదలవుతుంది. కిడ్నీలు, మూత్రనాళాలు కూడా చూడాలంటే సీటీ యూరోగ్రామ్ తీస్తారు. తేల్చి చెప్పేది మాత్రం సిస్టోస్కోపీ, అంటే మూత్రమార్గం గుండా సన్నని కెమెరా గొట్టం పంపి లోపల చూడటం. జర్మన్ వైద్యుడు మాక్స్ నిట్జె 1870ల చివర్లో దీనికి నాంది పలికాడు. గోబీపువ్వులా పైకి లేచిన గడ్డ మామూలు తెల్ల వెలుగులోనే కనిపిస్తుంది. చదునుగా పాకే రకం అలా సులువుగా దొరకదు, పైగా అదే ఎక్కువ ప్రమాదకరం.

దాన్ని పట్టుకోవడానికే నీలి వెలుగు సిస్టోస్కోపీ వచ్చింది. ముందుగా మూత్రాశయంలోకి ఒక మందు ఎక్కించి సుమారు గంట ఉంచుతారు. క్యాన్సర్ కణాలు దాన్ని ఎక్కువగా పీల్చుకుని నీలి కాంతిలో ఎర్రగా మెరుస్తాయి. అమెరికా దీనికి 2010లో అనుమతి ఇచ్చింది. నారో బ్యాండ్ ఇమేజింగ్‌కు ఏ మందూ అక్కర్లేదు. నీలం, ఆకుపచ్చ కాంతులను మాత్రమే వాడటంతో గడ్డకు నెత్తురు మోసే సన్నని నాళాలు ముదురు రంగులో తేలి కనబడతాయి.

ఈ వెలుగులు చూసి మురిసిపోయేముందు ఒక సంగతి చెప్పుకోవాలి. బ్రిటన్‌లో 500 మందికి పైగా రోగులతో జరిగిన ‘ఫోటో’ అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. నీలి వెలుగులో గడ్డ తీసినా, తెల్ల వెలుగులో తీసినా మూడేళ్లలో జబ్బు తిరగబెట్టడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఖరీదైన దీపం లేదని రెంజల్ రోగి దిగులు పడనక్కర్లేదు. వేళకు జరిగే మొదటి సిస్టోస్కోపీ, గడ్డను పూర్తిగా తీసే అనుభవమున్న చెయ్యి, ఈ రెండే అతనికి ముఖ్యం.

కోత లేకుండా మూత్రమార్గం గుండానే పరికరం పంపి గడ్డను గీకి తీస్తారు. దీన్ని డాక్టర్లు టీయూఆర్‌బీటీ అంటారు. నలుగురిలో ముగ్గురికి అప్పటికి జబ్బు మూత్రాశయం గోడలోని కండరం దాకా పోయి ఉండదు. వీరిలో ముప్పు ఎక్కువున్నవారికి ఆ తర్వాత క్షయ టీకా బీసీజీనే వారానికోసారి, ఆరు వారాలు మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. కండరంలోకి దిగిందో లేదో ఎంఆర్‌ఐలో 1 నుంచి 5 దాకా అంచనా వేసే వీఐ-రాడ్స్ పద్ధతి 2018లో వచ్చింది. దిగితే కీమోథెరపీ, మూత్రాశయం తొలగింపు లేదా రేడియేషన్ అవసరపడతాయి. ఈ జబ్బుకు 1980ల నుంచి వాడుతున్న నాలుగు మందుల కీమోలో ఒకటైన మెథోట్రెక్సేట్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనల్లోంచి వచ్చిందే.

గడ్డ తీశాక బయాప్సీ రిపోర్టులో కండరం ముక్క ఉన్నట్టు రాశారో లేదో డాక్టర్ని అడగాలి. అది లేకపోతే జబ్బు కండరంలోకి దిగిందో లేదో తేలదు కాబట్టి, చాలా సందర్భాల్లో రెండు నుంచి ఆరు వారాల్లోపు మరోసారి గీకి చూస్తారు. మొదటి తనిఖీ సిస్టోస్కోపీ మూడు నెలలకు, ఆ తర్వాతివి ముప్పును బట్టి ఏళ్ల తరబడి. హైదరాబాద్‌లో నిమ్స్, ఎం.ఎన్.జె. లాంటి ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి కానీ రెంజల్ నుంచి దాదాపు రెండు వందల కిలోమీటర్లు. రోజు కూలి వదులుకుని అంత దూరం వెళ్లేవాళ్లకు, ఆ తనిఖీ నిజామాబాద్‌లోనే క్రమం తప్పకుండా జరిగే ఏర్పాటు నీలి దీపంకన్నా ముందు కావాలి.