వార్తల్లో పదం: ఇమ్యునోమాడ్యులేటర్

సొంత ఒంటిపైనే తిరగబడే రోగనిరోధక కణాలను అదుపుచేసే టి కణాల గుట్టు విప్పినందుకు మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచీలకు 2025 వైద్య నోబెల్ దక్కింది. రోగనిరోధక స్పందనను పెంచే లేదా తగ్గించే మందులే ఇమ్యునోమాడ్యులేటర్లు. అలా అదుపు తప్పిన కణాల జోరు తగ్గించే రకాన్ని రుమటాయిడ్ కీళ్లవాతం, సోరియాసిస్, లూపస్‌లకు వాడతారు.

వీటిలో రుమటాయిడ్‌కు పనిచేసే చోటుతోనూ సంబంధం ఉంది. ఉదాహరణకు, రాయ్‌పూర్ శివారు ఉర్లా పారిశ్రామికవాడలో ఉక్కు, ఫెర్రో అల్లాయ్ కర్మాగారాలున్నాయి. ఇలాంటిచోట పనిచేసేవాళ్లు గమనించాల్సిందొకటి: ఏళ్లతరబడి సిలికా ధూళి పీలిస్తే రుమటాయిడ్ ముప్పు పెరుగుతుంది. బీడీ, సిగరెట్ తోడైతే మరీనూ.

ఈ జబ్బుకు డాక్టర్లు సాధారణంగా మొదట రాసేది మెథోట్రెక్సేట్. దాని వెనక మనవాడే ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లంపై నడిపిన పరిశోధనల్లోంచే అది వచ్చింది. పుట్టింది క్యాన్సర్ మందుగా. కీళ్లవాతానికి అమెరికా అనుమతి 1988లో. ఆయన 1948లోనే పోయారు, ఈ వాడకం చూడలేదు.

కీళ్లకైతే చిన్న మోతాదు, వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే ప్రాణాలమీదికొస్తుంది. చీటీమీద మందు వేసుకోవాల్సిన రోజు పేరు పెద్దక్షరాల్లో రాయించుకోవాలి. గర్భిణులు వాడకూడదు. మధ్యమధ్య కాలేయం, రక్తకణాల పరీక్షలు తప్పవు.

దీనికి లొంగకపోతే అడాలిముమాబ్ వంటి బయోలాజిక్ ఇంజెక్షన్లున్నాయి. నిద్రాణంగా ఉన్న క్షయను అవి లేపగలవు కనుక, మొదలుపెట్టేముందు టీబీ పరీక్ష చేయిస్తారు.