కథలలో మూర్ఛ

పాత తెలుగు నవలలలో కథానాయిక ఒక్కసారియైనను మూర్ఛిల్లుట రివాజు. దుర్వార్త వినబడును, కన్నులు మూతపడును, శరీరము తీగవలె వాలును, నాయకుడు నేలబడనీయక నిలువున పొదివి పట్టుకొనును. పన్నీరు చిలుకరింతురు, వింజామర వీతురు. కొన్ని గడియల పిమ్మట ఆమె మెల్లగా కనులు విప్పి, "నేనెక్కడ నున్నాను?" అని యడుగును. కథకులును, చలనచిత్రములవారును ఈ క్రమమును నేటికిని విడువలేదు. ఇందు వాస్తవమునకు సరిపడునది చాల కొద్ది.

భారతీయ సాహిత్యమునకు మూర్ఛ క్రొత్త కాదు. నాట్యశాస్త్రమున చెప్పిన ఎనిమిది సాత్త్వికభావములలో ప్రళయ మొకటి. స్పృహ కోల్పోవుటకే ఆ పేరు. అయినను స్పృహ యెట్లు పోవునో తెలియగోరు రచయిత శాస్త్రములకంటె ముందు ఇంటి మాటలను వినవలెను. "ముచ్చెమటలు పోసినవి, కాళ్లు తేలిపోయినవి, చెవులు గింగురుమన్నవి, కండ్లు బైర్లు కమ్మినవి" అందురు. ఒక్కొక్క మాటయు ఒక్కొక్క దశకు పేరు. భయమువలననో, నెత్తురు చూచుటవలననో, ఎండలో చాలసేపు కదలక నిలుచుటవలననో గుండె వేగము తగ్గి, రక్తనాళములు వదులై, నెత్తురు కాళ్లలోనికి దిగును. మెదడునకు చేరవలసినంత రక్తము చేరదు. ముఖము పాలిపోవును, చల్లని చెమట పట్టును, కడుపులో త్రిప్పును. రంగులు వెలిసి, చూపు అంచులనుండి నడిమికి కుంచించుకొనిపోవును. వినికిడి సాధారణముగా చూపుకంటె కొంత తడవు నిలుచును: ఏమియు కానరాకున్నను ప్రక్కవారి మాట ఎక్కడనో దూరమునుండి వచ్చినట్లు వినబడుచుండును. పిమ్మట అదియు పోవును. మెదడునకు రక్తప్రసారము పూర్తిగా నిలిచినచో స్పృహ తప్పుటకు ఇంచుమించు పది సెకండ్లు చాలును.

అటుపై చూచువారికి కనబడునది వేరు. 1994లో ప్రకటితమైన ఒక పరిశోధనలో జర్మనీ వైద్యులు ఆరోగ్యవంతులైన 59 మందికి తమ పర్యవేక్షణలో మూర్ఛ తెప్పింపజూచి, దానిని చిత్రముగా తీసి పరిశీలించిరి. 42 మంది పూర్తిగా స్పృహ తప్పిరి. ఆ స్థితి సగటున 12 సెకండ్లు మాత్రమే యున్నది. ఎక్కువమంది కన్నులు తెరచియే యుండెను. నూటికి తొంబది మూర్ఛలలో కాలుసేతులు అదరినవి. తీగ వాలినట్టి సౌకుమార్యము ఇందెక్కడను లేదు.

వింత యేమనగా, ఈ సంగతిని శంకరాచార్యు లెఱుగుదురు. బ్రహ్మసూత్రములలో మూడవ యధ్యాయము రెండవ పాదమున మూర్ఛ ప్రస్తావన వచ్చును. అచ్చట భాష్యకారులు నిద్రితుని, మూర్ఛితుని ప్రక్కప్రక్కల నుంచి పోల్చి చూచిరి. నిద్రితుని మోము ప్రసన్నముగా నుండును, ఊపిరి సమముగా నాడును, కన్నులు మూసికొని యుండును. మూర్ఛితునికి ఒక్కొక్కప్పుడు చాలసేపు ఊపిరియే యాడదు. దేహము వణకును, మోము భయము గొలుపును, కన్నులు విప్పారి యుండును. మొదటివాడు చేయి తాకినంతనే లేచును. రెండవవానిని దుడ్డుకఱ్ఱతో మోదినను లేవడు. వేదాంతచర్చకై వ్రాసిన ఆ నాలుగు వాక్యములు కథకునకు పనికివచ్చినంతగా అనేక కావ్యవర్ణనలు పనికిరావు.

లోపలివానికి మాత్రము ఈ వణకును తెలియదు, ఈ తెరచిన కన్నులును తెలియవు. పై పరిశోధనలో పలువురు వెలుగులను, దృశ్యములను చూచినట్లును, శబ్దములను విన్నట్లును చెప్పిరి; తక్కినవారికి అదియు లేదు. నిద్ర లేచినవానికి కొంత కాలము గడచినదను ఎరుక యుండును. మూర్ఛనుండి తేరుకొన్నవానికి చిత్రపు రీలులో నడిమి భాగము కత్తిరించి రెండు కొసలు అతికినట్లుండును. యుద్ధవిమాన చోదకులను గిరగిర త్రిప్పు యంత్రములలో కూర్చుండబెట్టి శిక్షణ నిత్తురు. ఆ వేగమునకు స్పృహ తప్పినవారిలో చాలమందికి అట్లు తప్పినట్లే జ్ఞాపకముండదు. కనుక "నేను" అని కథ చెప్పుచున్న పాత్ర "చీకటిలో చాలసేపు తేలియాడితిని" అనుట పొసగదు. గడియారపు ముల్లు, తడిసిన చొక్కా, చుట్టు చేరిన ముఖములు, వీనిని చూచి కాలము గడచినదని అతడు ఊహించుకొనవలసినదే. పైగా ఉత్త సొమ్మసిల్లుట సాధారణముగా ఒకటి రెండు నిమిషములు దాటదు. తలకు దెబ్బ తగిలి గంటలకొలది స్పృహ లేనివాని మెదడునకు తీవ్రమైన గాయమైనదన్నమాట. అట్టివాడు లేచినవెంటనే దుష్టుని తరుముట సినిమాలలోనే చెల్లును.

తెలివి వచ్చు విధము పోవు విధముకంటె విచిత్రము. 1776 అక్టోబరు 24వ తేదీన ఫ్రెంచి రచయిత రూసో పారిస్ శివారున నడచుచుండగా, బండి ముందు పరుగెత్తుకొని వచ్చుచున్న పెద్ద కుక్క ఢీకొని ఆయనను పడవేసినది. తెలివి వచ్చునప్పటికి రాత్రి యగుచున్నది. మొదట కనబడినవి ఆకాశము, కొన్ని నక్షత్రములు, కొంచెము పచ్చదనము. చూచుచున్న తానెవరో మాత్రము తెలియలేదు. తన నెత్తురు కారుచుండగా సెలయేటిని చూచినట్లు చూచెనట. నొప్పియు లేదు. "నేనెక్కడ నున్నాను?" అని ఆయనయు అడిగినాడు, కాని అది చాల తరువాతి మాట. ముందు లోకము వచ్చినది, "నేను" వెనుక వచ్చినది.

అంతకు దాదాపు రెండువందల యేండ్ల ముందు మాంటేన్ గుఱ్ఱముపైనుండి పడి రెండు గంటలకు పైగా చచ్చినవానివలె నుండెను. 1580లో అచ్చయిన తన వ్యాసములలో ఆ సంగతిని వ్రాసెను. ఇంటికి మోసికొనిపోవుచుండగా, త్రోవలో శ్రమపడుచున్న భార్యకు గుఱ్ఱము నిమ్మని ఆజ్ఞాపించెనట. ఎంత తెలివిగల మాట! కాని ఆ మాట ననినట్లు అతడెఱుగడు. ఇతరులు చెప్పగా విన్నాడు. ఢీకొన్న క్షణము మరునాడు గాని మెరుపువలె జ్ఞాపకమునకు రాలేదు. మాటాడుచున్నంతమాత్రమున పాత్రకు తెలివి వచ్చినదనరాదు. ఉత్తరరామచరితము మూడవ యంకమున మూర్ఛిల్లిన రాముడు అదృశ్యయైన సీత కరస్పర్శచే తేరుకొనును. తాకుడు తెలిసినది, తాకినవారు కానరారు. తెలివి తునుకలు తునుకలుగా వచ్చునని భవభూతికి తెలియును.

బాలురు మూర్ఛనుగూర్చి నేర్చుకొనునది చాలవరకు కథలలోను, చిత్రములలోను. పాఠశాల ప్రార్థనలో ఎండకు నిలిచిన బాలుడు కూలబడినచో తోడివారు అచ్చట నేర్చినదే చేయుదురు: లేవనెత్తి నిలువబెట్టుదురు, చుట్టు మూగుదురు, నోట నీరు పోయుదురు. పడుటయే అతనికి ప్రకృతి చేసిన చికిత్స; పరుండినచో నెత్తురు తిరిగి తలకు చేరును. నాయకుడు నాయికను నిలువున పట్టుకొనుట ఆ చికిత్సకు అడ్డుపడుటయే. పరుండబెట్టి కాళ్లను కొంచెము ఎత్తి యుంచవలెను. తెలివి రాకమునుపు నోట పోసిన నీరు ఊపిరితిత్తులలోనికి దిగవచ్చును. ఒకటి రెండు నిమిషములలో తేరుకొననివానిని వైద్యునికి చూపవలెను.

తెలుగున మరియొక చిక్కు గలదు. "మూర్ఛ" యను మాట సొమ్మసిల్లుటకును, అపస్మారమునకును గూడ చెల్లుచున్నది. అపస్మారము వచ్చినవాడు పిమ్మట చాలసేపు మత్తుగా, అయోమయముగా నుండును. సొమ్మసిల్లినవానికి త్వరలోనే పరిసరములు తెలియును. ఈ భేదము నెఱుగనివారు నాలుగు సెకండ్లు చేతులదరిన పిల్లవాని పిడికిట తాళపుచేతులు పెట్టుదురు. ఇనుము ఏ మూర్ఛను ఆపదు. మరునాటికి ఊరు వానిని మూర్ఛరోగి యనును. ఆడపిల్లయైనచో ఆ పేరు పెండ్లిచూపులవరకు వెంట వచ్చును.