దుఃఖానికి రోగమని పేరు పెట్టే ముందు

షిలోహు మందిరపు గుమ్మం దగ్గర కూర్చున్న ఏలీ వృద్ధ యాజకుడు. ప్రార్థించేవారిని ఎందరినో చూసిన అనుభవశాలి. అయినా ఆ రోజు పెదవులు కదులుతూ మాట వినిపించని ఒక స్త్రీని చూసి, ఈమె తాగి ఉందని తేల్చేశాడు. ఆమె హన్నా. బిడ్డలు లేని బాధ ఒకవైపు, ఏటేటా సవతి పెనిన్నా దెప్పిపొడుపులు మరోవైపు. అన్నం సహించక, కన్నీరు ఆగక, దేవుని ఎదుట గుండె విప్పుకుంటోంది (1 సమూ 1). పెదవులు కదలడం ఏలీ సరిగ్గానే చూశాడు. దానికి పెట్టిన పేరే తప్పయింది.

మనసు బాధలన్నిటికీ జబ్బు పేర్లు తగిలిస్తున్నామా అన్న ప్రశ్న నేడు వైద్యుల మధ్యనే పెద్ద చర్చ. మనోవ్యాధిని నిర్ధారించడానికి చాలావరకు రక్తపరీక్ష, స్కానింగ్‌ వంటివి లేవు. రోగి చెప్పింది విని, లక్షణాల పట్టికతో పోల్చి వైద్యుడు నిర్ణయిస్తాడు. అమెరికా మనోవైద్యుల సంఘం ప్రచురించే డీఎస్‌ఎం అనే గ్రంథం అలాంటి పట్టికే. 1994 నాటి నాలుగో కూర్పు ప్రకారం, ఆప్తులు పోయిన మొదటి రెండు నెలల దిగులును సాధారణంగా డిప్రెషన్‌గా లెక్కించకూడదు. 2013లో వచ్చిన ఐదో కూర్పు ఆ మినహాయింపును తీసేసింది. లక్షణాలు రెండు వారాలు కనిపిస్తే, చావు జరిగిన ఇంట్లోని మనిషికైనా డిప్రెషన్‌ అని రాయడానికి వీలు కలిగింది. నాలుగో కూర్పు బృందానికి నాయకత్వం వహించిన డాక్టర్‌ అలెన్‌ ఫ్రాన్సెసే దీన్ని వ్యతిరేకించారు. మామూలు దుఃఖం కూడా రోగమైపోతుందని, అవసరం లేనివారు మందులు మింగుతారని హెచ్చరించారు. అవతలివారి వాదనలోనూ బలముంది. చావింట్లోనూ నిజమైన డిప్రెషన్‌ రావచ్చు, దుఃఖమే కదా అని వదిలేస్తే ప్రాణం పోవచ్చు అన్నారు వారు.

మోషే కోసం ఇశ్రాయేలీయులు 30 రోజులు ఏడ్చారు (ద్వితీ 34:8). యాకోబు కోసం ఐగుప్తీయులు 70 రోజులు అంగలార్చారు (ఆది 50:3). అదే యాకోబు, కొడుకు యోసేపు చనిపోయాడనుకున్ననాడు ఎవరి ఓదార్పునూ ఒప్పుకోలేదు. పరిశుద్ధ గ్రంథం అతణ్ని రోగి అనలేదు. తండ్రి దుఃఖాన్ని తండ్రి దుఃఖంగానే రాసింది.

పేరు పెట్టే అధికారం ఎంత ప్రమాదకరమో చరిత్ర చూపింది. 1851లో అమెరికాలో శామ్యూల్‌ కార్ట్‌రైట్‌ అనే వైద్యుడు, బానిసలు యజమానుల నుంచి పారిపోవడం ఒక మనోవ్యాధి అని రాశాడు. దానికి బైబిల్‌నే ఆసరా తెచ్చుకున్నాడు. ఫరో చెరనుంచి బయటికి నడిపించిన దేవుని గ్రంథాన్ని చేతబట్టుకుని, స్వేచ్ఛ కోరడమే రోగమన్నాడు!

ఇక మన మర్రిపాడు వైపు చూద్దాం. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో వానను నమ్ముకున్న బతుకులు మనవి. డీసీపల్లి వేలం కేంద్రానికి తెచ్చిన పొగాకు బేళ్లు నోబిడ్‌ అయిన రైతుకు రాత్రి నిద్ర పట్టకపోతే, ఆ నిద్రలేమి అప్పులోంచి వచ్చింది. అతనికి నిద్రమాత్ర ఒక్కటే ఇచ్చి పంపితే ధర గురించి, వడ్డీ గురించి ఎవరూ అడగనట్టే. అలాగని వైద్యమే వద్దనలేం. 2015లో పొగాకు ధరలు పడిపోయినప్పుడు పక్కనున్న ప్రకాశం జిల్లాలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అప్పూ నిజమే, మనసు కుంగిపోవడమూ నిజమే. రెండింటినీ పట్టించుకోవాలి.

వైద్యులను ప్రశ్నించే మనం సంఘాన్ని కూడా ప్రశ్నించాలి. కొత్త కోడలు ముభావంగా ఉంటే దయ్యం పట్టిందంటాం. పరీక్ష తప్పిన కుర్రాడు గది తలుపు వేసుకుంటే అవిశ్వాసం అంటాం. ఇవి కూడా తొందరపాటు రోగనిర్ధారణలే. పైగా వీటికి వైద్యుని చదువూ లేదు, రెండో అభిప్రాయం అడిగే వీలూ లేదు. మనసు చెదిరినవారిని ప్రార్థనా మందిరాలకూ, ఏఎస్‌ పేట దర్గాకూ తీసుకొచ్చే కుటుంబాల ఆశను మేము తక్కువ చేయడం లేదు. కాని ప్రార్థన పేరుతో వైద్యాన్ని ఆపేస్తే, గొలుసులు వేస్తే ఏమవుతుందో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడి చూపింది. అక్కడ మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న మనోరోగులు కదల్లేకపోయారు. 28 మంది చనిపోయారు.

మన దేశంలో అతి నిర్ధారణ కన్నా పెద్ద బాధ మరొకటుంది. 2015-16లో నిమ్‌హాన్స్‌ జరిపిన జాతీయ సర్వే ప్రకారం రకరకాల మనోవ్యాధులున్నవారిలో నూటికి 70 నుంచి 92 మందికి వైద్యమే అందడం లేదు. ఒకచోట అక్కరలేనివారికి మాత్రలు, మరోచోట అవసరమైనవారికి ఏమీ లేదు. కాబట్టి జబ్బులన్నీ కల్పనే అనే మాట కూడా ప్రాణాంతకమే.

ఏలీయా బదరీ వృక్షం కింద చావు కోరుకున్నప్పుడు దేవుడు అతణ్ని గద్దించలేదు. దూత రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. ఆ తర్వాతే, ఇక్కడ నీకేమి పని అని దేవుడు అడిగాడు, అతని బాధంతా విన్నాడు (1 రాజులు 19). చివరికి తోడుగా ఎలీషాను చూపించాడు. అన్నం, నిద్ర, వినే చెవి, ఒక తోడు: ఇవి ఏ సంఘమైనా ఇవ్వగలిగినవే.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఈ జాగ్రత్తే చెబుతుంది. కులం, మతం, పేదరికం ఆధారంగా గాని, ఊరి కట్టుబాట్లకు లోబడలేదన్న కారణంతో గాని ఎవరికీ మనోవ్యాధి ఉందని నిర్ణయించకూడదు. గొలుసులు వేయడం ఆ చట్టం ప్రకారం నిషిద్ధం.

అయితే మనం ఏం చేయాలి? ముందు కూర్చుని వినాలి. వారాల తరబడి తిండి, నిద్ర లేకపోయినా, ఎవరికీ వినిపించని మాటలు వినిపిస్తున్నాయన్నా, చచ్చిపోతానన్నా ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరికి తీసుకెళ్లాలి. ప్రభుత్వ టెలీ మానస్‌ నంబరు 14416కు ఉచితంగా ఫోన్‌ చేయవచ్చు. రాసిన జబ్బు మీద అనుమానముంటే వైద్యుణ్ని అడగాలి, మరో వైద్యునికి చూపించాలి. వాడుతున్న మందును మాత్రం సొంతంగా ఆపకూడదు. ఏ సేవకుడూ ఆపమని చెప్పకూడదు.

హన్నా తాను తాగలేదని, దుఃఖంతో ఉన్నానని చెప్పగానే ఏలీ వాదించలేదు. వేసిన ముద్రను వెనక్కు తీసుకుని దీవించాడు. ఆమె వెళ్లి భోజనం చేసింది, ముఖంలో దిగులు తొలగింది. అప్పటికి సమూయేలు ఇంకా పుట్టలేదు. మన ఇరుగుపొరుగున ఉన్న హన్నాలకు కూడా తమ బాధకు తామే పేరు చెప్పుకునే అవకాశమిద్దాం.