పెట్టెలో దాగిన కిటికీ

ఉత్తర వేల్స్‌లోని క్లూయిడ్ లోయలో, డెన్బీ పట్టణానికి దగ్గర్లో లాన్‌రైయదర్ అనే చిన్న ఊరుంది. అక్కడి చర్చి సెయింట్ డవ్‌నోగ్ పేరిట వెలసింది. బయట నుంచి చూస్తే మామూలు రాతి కట్టడం. లోపల మాత్రం తూర్పు కిటికీ నిండా రంగులే. దాన్ని చేసిన సంవత్సరం అద్దం మీదే రాసి ఉంది: 1533.

పల్లెటూరి చర్చికి అంత డబ్బు ఎక్కడిది? చర్చి వెనక చెట్ల మధ్య ఒక ఊట ఉంది. ఆరో శతాబ్దంలో డవ్‌నోగ్ ఆ నీటిధార కింద నిలబడి తపస్సు చేశాడనీ, అందులో మునిగితే చర్మరోగాలు పోతాయనీ జనం నమ్మేవారు. యాత్రికులు వేసిన కానుకలతోనే కిటికీ చేయించారని చెబుతారు.

అందులో ఉన్నది యేసుక్రీస్తు వంశవృక్షం. అడుగున దావీదు తండ్రి యెష్షయి పడుకుని ఉంటాడు. అతని ఒంట్లోంచి మొలిచిన తీగ ఐదు నిలువు భాగాల్లోకీ పాకుతుంది. కొమ్మల మీద ఆ వంశపు రాజులు, అందరికన్నా పైన బాలయేసుతో మరియ.

ఈ రంగులు పైపూత కావు. కరిగిన గాజులో కోబాల్ట్ కలిపితే నీలం, రాగి కలిపితే ఎరుపు. వెండి లవణం పూసి కొలిమిలో కాలిస్తే పసుపు. కళ్లూ ముక్కూ గీతలు ముదురు రంగుతో వేసి, వాటినీ కాలుస్తారు. ఆ ముక్కలన్నిటినీ సీసపు పట్టీలతో బిగిస్తారు.

కిటికీ సరిగ్గా సమయానికే వచ్చింది. 1534లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ రోమ్‌లోని పోప్‌తో తెగతెంపులు చేసుకున్నాడు. 1538లో తీర్థయాత్రలనే నిషేధించాడు. అసలు గండం 1640లలో రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన అంతర్యుద్ధంతో వచ్చింది. చర్చిల్లోని బొమ్మలన్నీ విగ్రహారాధనేనని ప్యూరిటన్లనే కరడుగట్టిన ప్రొటెస్టెంట్ల వాదన. మరియ చిత్రాలను తొలగించాలని 1643లో పార్లమెంటు ఆదేశించింది కూడా. అప్పుడు ఊరివాళ్లు కిటికీని పలకలుగా విప్పి, పెట్టెలో పెట్టి పాతిపెట్టారని స్థానికుల కథనం. సీసంతో కూర్చిన అద్దం కాబట్టే పగలగొట్టకుండా విప్పడం కుదిరింది. యుద్ధం తర్వాత రద్దైన రాజరికం తిరిగొచ్చాక, 1661లో దాన్ని మళ్లీ బిగించారు. ఒకే దుంగను తొలిచి చేసిన ఆ పెట్టె ఇప్పటికీ చర్చిలోనే ఉంది.

అదే లోయలోని లాన్‌దర్నోగ్ చర్చికి ఇంత అదృష్టం లేదు. క్రైస్తవుల ఏడు సంస్కారాలను చూపే అక్కడి మధ్యయుగపు కిటికీలో కొన్ని భాగాలు పోయాయి. మిగిలిన ముక్కలను కూర్చి నిలబెట్టారు.